పిల్ల పిశాచికి ఒక్క బొట్టు

ఆ రోజుల్లో మాకు దయ్యాల మీద ఉన్నంత కోపం దొంగల మీద కూడా ఉండేది కాదు. దొంగ కనీసం ఉన్నాడు, ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. దయ్యం లేకుండానే ఇంతమందిని పీడిస్తోంది కదా అని మా ఒళ్లు మండిపోయేది. ఖమ్మంలో ఒక సైకిల్ షాపు పైగదిలో ప్రతి ఆదివారం మా హేతువాద మిత్రులం చేరి లేనివాటి మీద తీర్మానాలు చేసేవాళ్లం. (ఉన్నవాటి మీద తీర్మానాలు చేసే సంఘాలు ఊళ్లో అప్పటికే చాలా ఉన్నాయి.) ఆ గదిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎనభయ్యో దశకం మొదలు, నాకు అప్పుడే టీచర్ ట్రైనింగ్ అయింది, వాదన ఎక్కడ దొరికితే అక్కడ దిగిపోయే వయసు. నేను మాట్లాడటం మొదలుపెడితే కింద ట్యూబులకు గాలి కొట్టే అతను కూడా పంపు ఆపి వినేవాడు. ఆసక్తితో వినేవాడో, ఈమె ఎప్పుడు ఆపుతుందా అని ఎదురుచూసేవాడో ఇప్పటికీ తేలలేదు.

మా అధ్యక్షుణ్ని అందరం రుజువు తాతగారు అనేవాళ్లం. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి మధిర దగ్గర భూములు కొని మిరప పండిస్తున్న కుటుంబం ఆయనది. చాయ్ వేడిగా ఉంది తాతగారూ అన్నా "రుజువేంటి?" అని అడిగి, గుక్క తాగి నాలుక కాల్చుకున్నాకే ఒప్పుకునే మనిషి. నేనంటే ఆయనకు గొప్ప గురి. ఒకసారి ఎవరో పందెం వేస్తే నేను పట్టపగలు శ్మశానంలో ఒక సమాధి మీద కూర్చుని పులిహోర తినేసి వచ్చాను. అప్పటినుంచి ఏ సభలోనైనా నన్ను పరిచయం చేసేటప్పుడు ఒకటే మాట. "ఈ అమ్మాయికి భయం అంటే ఏంటో తెలియదండీ!" చప్పట్లు. నేను తల ఎత్తుకుని కూర్చునేదాన్ని. ఆ మాటకు రుజువేంటని ఆయన ఒక్కనాడూ అడగలేదు. అడిగితే మా అమ్మ చెప్పేది. "దయ్యం కనవడితే దాంతోటి వాదం వెట్టుకుంటది గానీ, సూది కనవడితే గోడ దూకుతది మా పిల్ల" అని. అది మా వాడకట్టంతటికీ తెలిసిన సంగతే. బడిలో టీకాలు వేసే రోజు నేను గోడ దూకి పారిపోవడం, అమ్మ వెతికి జడ పట్టుకుని తీసుకురావడం, నా కేకకు మిగతా క్లాసులు కూడా ఖాళీ అయిపోవడం ఏటా జరిగే ముచ్చటే. ఆ సంగతి సైకిల్ షాపు మెట్లెక్కకుండా చాలా జాగ్రత్త పడ్డాను.

అలాంటి నాకు మొదటి ఉద్యోగం ఎక్కడ వచ్చిందంటే, బూర్గంపాడు దాటాక బస్సు దిగి, అడవిలోకి నడిచి వెళ్లే ఒక చిన్న ఊళ్లో. ఒకే గది బడి. పెంకుల సందుల్లోంచి వాన, వాన వెనకాల దోమలు. పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు మాట్లాడి, నన్ను ఆటపట్టించడానికి రెండూ కలిపేవాళ్లు. అందులో ఒక పిల్ల, మూడో తరగతి. ఏం చెప్పినా "ఎందుకు టీచర్?" అనేది. ఎండ ఎందుకు, ఎక్కం ఎందుకు, మీకు ఇంకా లగ్గం కాలేదు ఎందుకు. దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టాను. (మా తాతగారికి చూపిస్తే దత్తత తీసుకుంటారేమో అనుకునేదాన్ని.)

ఆ ఊరికి వానాకాలమంటే జ్వరాల కాలం. మలేరియా వర్కర్ ఒకాయన పాత సైకిల్ మీద, ఖాకీ సంచీలో గాజు పలకలు పెట్టుకుని వచ్చేవాడు. జ్వరమున్నవాళ్ల వేలి కొస సూదితో గుచ్చి, ఒక్క బొట్టు నెత్తురు పలక మీద రాసుకుని, పరీక్షకు పంపి, చేదు గోళీలు ఇచ్చేవాడు. ఊరంతా సూదన్న అని పిలిచేది. సూదన్న సైకిల్ బెల్లు వినబడితే చాలు, బడి ఖాళీ. పిల్లలంతా తునికి పొదల్లోకి. "ఆయన మా నెత్తురు వట్టుకపోయి తాగుతడంట టీచర్! నెత్తురు తాగే దయ్యమంట!" అని చెప్పి మరీ ఉరికేవాళ్లు. (అడవి పిల్లల అమాయకత్వం అని ఎవరూ నవ్వుకోవద్దు. ఇదే పుకారు నా చిన్నప్పుడు ఖమ్మం బజారులో, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న పెద్దమనుషుల నోట విన్నాను.) సూదన్న మెట్టు మీద కూలబడి, "నాకు సక్కెర బీమారి టీచర్. చాయ్ గూడ సప్పగ తాగుత. నెత్తురెట్ల తాగుత?" అని వాపోయేవాడు. నవ్వొచ్చేది కానీ, సంగతి నవ్వులాట కాదు. నేను వెళ్లడానికి ముందటి వానాకాలంలో ఆ బడి పిల్లాడే ఒకడు జ్వరంతో పోయాడు. సూదన్న వచ్చిన రోజు వాణ్ని దాచింది వాళ్ల అమ్మేనట. అప్పటినుంచి ఆమె బడి ముందునుంచి నడిచేది కాదు, చుట్టు తిరిగి పోయేది.

ఆ ఆదివారం ఖమ్మం వెళ్లి సైకిల్ షాపు గదిలో నేను బల్ల గుద్దాను. ఉపన్యాసాలు చాలు, పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం కావాలి, అందులో నెత్తురు తాగే పిశాచి పిల్లలు ఉండాలి, చదివిన పిల్లలు పడీ పడీ నవ్వాలి అన్నాను. పిశాచిని చూసి నవ్వినవాళ్లు ఇక దాన్ని చూసి పరుగెత్తరు, సూదన్నను చూసి అసలే పరుగెత్తరు. గది రెండుగా చీలిపోయింది. "దయ్యాలు లేవని చెప్పే సంఘం దయ్యాల పుస్తకం వేస్తదా? రేపు జాతకాలు గూడ వేద్దామా?" అని ఒక మిత్రుడు. "లేని పిశాచికి బొమ్మ గీస్తే ఉన్నదని ఒప్పుకున్నట్టు గాదా?" అని ఇంకొకాయన. "నవ్వితే పరుగెత్తరనడానికి రుజువేంటమ్మాయ్?" అని అడిగిందెవరో మీకు తెలుసు. చివరికి రాజీ కుదిరింది. పుస్తకం చెయ్యవచ్చు. అయితే ప్రతి పేజీ అడుగున, ఏ ఒక్కటీ వదలకుండా, పెద్ద అక్షరాలతో 'ఇది అబద్ధం' అని ఉండి తీరాలి. ముందు ఒక్క ప్రతి తయారుచేసి పిల్లలకు చదివి చూపించాలి, తాతగారు స్వయంగా వచ్చి పరీక్షించి ఒప్పుకుంటే అప్పుడు అచ్చు. తీర్మానం ఏకగ్రీవం.

బొమ్మలకు మా ఇంటి వెనక సందులో ఉండే పెయింటర్ చాచా దగ్గరికి వెళ్లాను. షాపు బోర్డులు, లారీల వెనక నెమళ్లు వేసేవాడు. భయంకరంగా వెయ్యి చాచా, తర్వాత నేను వెక్కిరిస్తాను అని చెప్పాను. వారానికి అట్టల కట్ట తెచ్చి నా ముందు పరిచాడు. ముగ్గురు పిశాచి పిల్లలు. ఒకడికి లాగు గుండీ లేదు. ఇంకొకడు దూలానికి తలకిందులుగా వేలాడుతూ పలక మీద ఎక్కాలు రాస్తున్నాడు. అందరికంటే చిన్నదానికి నూనె రాసిన జడలు, ఎర్ర రిబ్బన్లు, నవ్వితే ముందు పళ్లు లేవు.

"ఇదేంటి చాచా, ఇంత ముద్దుగా ఉన్నాయి! కోరలేవి?"

"పిశాచాలైతే ఏంది బేటీ, బచ్చే బచ్చేనే గద. గీ చిన్నదానికి మా మనుమరాలి మొకం వెట్టిన. దానికి గిప్పుడే పండ్లు ఊడినయ్. మల్ల వస్తయ్ తియ్యి, జల్దీ ఏముంది?"

కోరలు ఊడిన పిశాచి! కథంతా మార్చుకోక తప్పలేదు. చిన్నదానికి చిట్టి అని పేరు పెట్టాను. అన్నలకు కోరలున్నాయి, చిట్టికి లేవు. కొరకలేదు, కాబట్టి గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగి "ఒక్క బొట్టు పెట్టమ్మా" అని అడుగుతుంది. ఎవరూ పెట్టరు. పాడుబడిన కోటలో వాళ్లమ్మ "తెల్లారింది, ఇక పడుకోండి, ఎండలో తిరిగితే మాడిపోతారు" అని తిడుతుంది. వినకుండా ముగ్గురూ పగలు బడికి పోతారు. అక్కడ ఒక టీచర్ (చాచా ఆమెకు నా ముక్కు, నాకంటే రెండింతల నోరు పెట్టాడు) పిశాచాలు లేవని తిరుగులేకుండా రుజువు చేస్తుంది. "అయితే మేం లేమా టీచర్?" "లేరు." అంతే, మాయం. చివరి అట్ట మొత్తం తెల్లగా ఖాళీ. దాని మీద ఒకే వాక్యం, 'ఇక్కడ ఎవరూ లేరు.' ఆ ముగింపు రాసుకుని నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. హేతువాద సాహిత్యంలో ఇంత గట్టి ముగింపు రాలేదని నా నమ్మకం.

బడిలో చదివాను. మొదటి పేజీకే పిల్లలు నా ఒళ్లో పడ్డారు. తలకిందుల ఎక్కాలకు నవ్వు, గుండీ లేని లాగుకు నవ్వు. ప్రతి పేజీ చివర నేను తీర్మానం ప్రకారం "ఇది అబద్ధం" అని గంభీరంగా చదివేదాన్ని. మూడో పేజీకి వాళ్లు అందుకున్నారు. నేను వేలు అడుగుకు తేవడం ఆలస్యం, పెంకులు ఎగిరిపోయేలా "ఇది అబద్ధం!" అని అందరూ ఒక్క గొంతుతో. మా సంఘం మొత్తం జీవితంలో అంత ఉత్సాహంగా ఎవరూ మా నినాదం ఇవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరి అట్ట తిప్పాను.

"చిట్టి ఏడికి వోయింది టీచర్?" ఎందుకమ్మ అడిగింది.

"లేదు. అసలెప్పుడూ లేదు. చూడు, రాసి ఉంది. ఇక్కడ ఎవరూ లేరు."

ఎందుకమ్మ అట్ట మీదికి వంగింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. 'ఇక్కడ ఎవరూ లేరు.' వేలు కిందికి జరిగింది. దాని మొహం వెలిగిపోయింది. "ఇది అబద్ధం!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అట్ట లాక్కుని అడుగున చూశాను. ప్రతి పేజీ అడుగున, ఏ ఒక్కటీ వదలకుండా అని తీర్మానం. చాచా బుద్ధిగా చివరి పేజీ మీద కూడా రాశాడు. రోజుకు రెండుసార్లు ఆ అట్టలు తిరగేసిన నాకు గానీ, ఇరవై రకాల అభ్యంతరాలు చెప్పిన మా మిత్రులకు గానీ తట్టనే లేదు.

"ఎవరూ లేరంటే అబద్ధమంట! అంటే చిట్టి ఉన్నది! గీ తెల్లదాంట్లనే దాక్కున్నది!" బడి బడంతా గంతులు. నేను వాదించాను. అది అలా కాదు, ఆ అబద్ధం పై పేజీలకు, ఈ అబద్ధం వేరు అన్నాను. "ఎందుకు టీచర్?" అంది. ఆ తర్వాత పిల్లలే తేల్చుకున్నారు. చిట్టి కనబడకపోవడానికి కారణం ఆకలి. అందరి ఇళ్లూ తిరిగినా ఎవరూ ఒక్క బొట్టు పెట్టలేదు గనుక చిక్కిపోయి కంటికి ఆనకుండా అయిపోయింది.

నాలుగు రోజులకు సూదన్న బెల్లు వినబడింది. నేను అలవాటు ప్రకారం పక్కకు తప్పుకున్నాను, పారిపోయే పిల్లలకు దారి ఇవ్వడానికి. ఎవరూ కదలలేదు. ఒళ్లు కాలిపోతున్న ఒక పిల్లాణ్ని ముందుకు తోసి, ఎందుకమ్మ పుస్తకం పట్టుకుని నిలబడింది. "అన్నా, సగం బొట్టు నీ పలకకు, సగం బొట్టు చిట్టికి. సరేనా?" సూదన్న నా వంక చూశాడు. నేను గోడ వంక చూస్తున్నాను. (సూది బయటికి వచ్చింది మరి.) వెనక్కి తిరిగేసరికి ఆ పిల్లాడు గుచ్చిన వేలిని తెల్ల పేజీకి అద్ది, "తాగవే, జల్దీ తాగు" అని బుజ్జగిస్తున్నాడు. ఆ వానాకాలమంతా ఇదే తంతు. జ్వరమొచ్చినవాళ్లు వరసలో ముందు, రానివాళ్లు "మాకెప్పుడొస్తది టీచర్?" అని ఏడుపు. తెల్ల పేజీ నిండా చిన్న చిన్న ఎర్ర చుక్కలు, ఎండాక మట్టిరంగు చుక్కలు. గోళీలు అందరి కడుపులోకీ పోయాయి. ఆ ఏడు ఒక్క పిల్లా పోలేదు. ఒకనాడు చూస్తే, బడి చుట్టు తిరిగి పోయే ఆ తల్లి, చంకలో చంటిదాన్ని పెట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉంది. "దీని వేలు గూడ పెట్టనిస్తరా టీచర్?" అంది. సంతోషించాలో, సంఘానికి రాజీనామా పంపాలో తెలియలేదు నాకు. ఆ రాత్రి రాజీనామా గురించి మాత్రం ఆలోచించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తాతగారు పుస్తకాన్ని పరీక్షించడానికి వచ్చారు. గొడుగు, తెల్ల పంచె, మోకాలి దాకా బురద. నాకేమో పొద్దుటినుంచి ఒళ్లు విరుస్తోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వానకు తడిశాను, అంతే అనుకుంటున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని పుస్తకం మొదటినుంచి తిప్పారు. నవ్వారు. అడుగున ఉన్న మాట చూసి తల ఊపారు. చివరి పేజీ తిప్పి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేంటమ్మాయ్?"

"పిల్లల... వేళ్లు తాతగారూ."

"రక్తమా? పిశాచికి రక్తం పెట్టించావా? మన సంఘం పేరు మీద?"

నేను నోరు తెరిచేలోపు ఎందుకమ్మ అందుకుంది. "చిట్టికి తాతా. ఆకలైతున్నదని."

"చిట్టి ఉందని నీకు రుజువేంటి?"

"గీడ రాసున్నది గద తాతా," అని వేలు పెట్టి పై వాక్యం, కింది వాక్యం చదివి వినిపించింది. తాతగారు ఒకసారి చదివారు. ఇంకోసారి చదివారు. ఆ తీర్మానం ప్రతిపాదించింది తనేనని గుర్తొచ్చినట్టుంది, కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు.

ఆ సమయానికే సూదన్న సైకిల్ ఆగింది. లోపలికి వస్తూనే నన్ను చూశాడు. "ఏంది టీచర్, గిట్ల వణుకుతున్నరు? జరమా?" అరచెయ్యి నుదుటికి తగలకముందే నేను వెనక్కి జరిగాను. జరం కాదు, జలుబు అన్నాను. "కండ్లు ఎర్రగైనయ్. వేలు తియ్యుండ్రి" అన్నాడు. లక్షణాలను బట్టి తొందరపడి నిర్ణయానికి రాకూడదు, రుజువు లేకుండా మలేరియా అనడం అశాస్త్రీయం అని మొదలుపెట్టాను.

"గా రుజువు కోసమే గద టీచర్, నెత్తురడిగేది!"

తాతగారు కుర్చీలోంచి లేచారు. "తీయండి బాబూ, తీయండి. ఈ అమ్మాయికి భయం అంటే ఏంటో తెలియదు" అన్నారు, పిల్లలందరికీ వినబడేలా. సూదన్న సంచీ విప్పాడు. దూది, స్పిరిటు వాసన. నా వీపుకు గోడ తగిలింది. కిటికీ చూశాను, ఊచలున్నాయి. గుమ్మం చూశాను, తాతగారున్నారు. పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు. ఇప్పుడు నేను ఉరికితే రేపు సూదన్న బెల్లుకు వీళ్లూ ఉరుకుతారు. ఆ జ్వరంలో కూడా అంత తర్కం తోచింది. కాళ్లకు మాత్రం తోచలేదు, అవి ఊచల సందు వెడల్పు కొలుస్తున్నాయి. చివరికి సభలో మాట్లాడినట్టు అన్నాను.

"నాకేం భయం లేదు."

బడి బడంతా ఒక్క గొంతుతో, పెంకులు ఎగిరిపోయేలా.

"ఇది అబద్ధం!"

తాతగారు మొదట ఉలిక్కిపడ్డారు, తర్వాత గుమ్మం పట్టుకుని, కడుపు పట్టుకుని, గొడుగు కింద పడేసి నవ్వారు. నా ఇన్నేళ్ల పేరు ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఎందుకమ్మ మాత్రం నవ్వలేదు. నా పక్కకు వచ్చి కొంగు పట్టుకుంది. "సూదిని చూడద్దు టీచర్. కండ్లు మూసుకొని చిట్టిని చూడుండ్రి. నేను గట్లనే చేసిన" అంది. కళ్లు మూసుకున్నాను. మీరు నమ్మాలి, నేను పిశాచాలు లేవని నలభయ్యేళ్లుగా రాస్తున్న మనిషిని. ఎర్ర రిబ్బన్లు, ముందు పళ్లు లేని నవ్వు, చేతిలో గిన్నె. ఒక్క బొట్టు పెట్టమ్మా. వేలు దానంతటదే ముందుకు పోయింది. "అయిపాయె టీచర్" అని సూదన్న అనేదాకా నాకు తెలియలేదు. ఎందుకమ్మ నా వేలు పట్టుకుని తెల్ల పేజీలో మిగిలిన ఖాళీ చూసి అద్దింది. పిల్లల చుక్కల మధ్య నాది ఒక్కటే కొంచెం పెద్దది.

మలేరియానే అని తేలింది. చేదు గోళీలు, వారం పడక. పుస్తకం అచ్చు కాలేదు. చివరి పేజీ మారిస్తే పిల్లలు ఒప్పుకోరు, మార్చకపోతే సంఘం ఒప్పుకోదు. జరిగింది హేతువాదం గెలుపా ఓటమా అని సైకిల్ షాపు గదిలో చాలా ఆదివారాలు చర్చ నడిచింది. తాతగారు మాత్రం "జ్వరాలు తగ్గాయి. అది రుజువు. మిగతాది నాకు అర్థమైతే చెబుతాను" అని ఊరుకునేవారు. నాకు బదిలీ అయినప్పుడు సూదన్న మొహమాటంగా అడిగాడు. "గా పుస్తకం నాకియ్యుండ్రి టీచర్. నా సూది కన్న అదే మంచిగ పనిజేస్తది." ఇచ్చేశాను. ఖాకీ సంచీలో గాజు పలకల పక్కన పెట్టుకుని ఎన్ని ఊళ్లు తిప్పాడో, ఏ వానలో తడిసి చిరిగిపోయిందో తెలియదు. తాతగారు లేరు. ఆ సైకిల్ షాపు లేదు. నేను దయ్యాలు లేవని, జాతకాలు లేవని, వాస్తు లేదని రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు నాకూ సక్కెర బీమారి. సప్పటి చాయ్ తాగేటప్పుడల్లా సూదన్న గుర్తొస్తాడు.

నెలకోసారి దవాఖానాకు వెళ్లి పరీక్షకు నెత్తురు ఇచ్చి రావాలి. మొన్న కొత్త నర్సమ్మ, చిన్నపిల్ల, నేను కళ్లు గట్టిగా మూసుకోవడం చూసి, "భయమా మేడం?" అంది. లేదమ్మా అన్నాను, నా వ్యాసాల గొంతుతోనే. గది నిశ్శబ్దంగా ఉంది. నేను మాత్రం వేలు చాచి, ఒక్క క్షణం చెవి ఒగ్గి వినబోయాను, ఎక్కడో పెంకులు ఎగిరిపోతాయేమోనని.